పాటల పెట్టె – పసివాడి చెయ్యి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు నకారా కేసు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు పెన్షన్ అనేది దయాధర్మం కాదు, హక్కు అని చెప్పింది. దాని గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇప్పటికే చెప్పారు. డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చూసుకున్నారు. నాకు అప్పగించిన అంశం "ఇంట్లో పెద్దలు – పిల్లలు". అది సముద్రమంత విషయం. అందులోంచి ఒక చెంబెడు మాత్రమే తోడుకుంటాను. మన ఇళ్లలోని రేడియోలు, టేపు రికార్డర్లు, స్పీకర్లు, వాటి రిమోట్లు, మన చెవి మిషన్లు. వాటి వైపు పాకుతూ వచ్చే ఏడాది, రెండేళ్ల మనవడో మనవరాలో. ఇంతే నా విషయం.

ఇదేం విషయమండీ అని వెనక వరసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేరి, రిటైరయ్యేదాకా స్టాకు రిజిస్టర్లు తనిఖీ చేసినవాణ్ణి. ఎక్కడ ఏ వస్తువు ఉండాలో అక్కడ ఉందా లేదా అని చూడడం నాకు ఒంట్లో పట్టిన అలవాటు. ఆ కళ్లతోనే చెబుతున్నాను.

ఇవాళ మన పిల్లల్లో చాలామంది హైదరాబాదులోనో బెంగుళూరులోనో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. ఆరు నెలలో, ఏడాదో పసివాళ్లు నరసరావుపేటలో, చిలకలూరిపేటలో, ఒంగోల్లో మన దగ్గరే ఉంటున్నారు. లేదా సంక్రాంతికి, వేసవికి వస్తున్నారు. వాళ్ల అపార్టుమెంట్లలో బల్లల మూలలకు రబ్బరు ముక్కలు, సాకెట్లకు మూతలు పెట్టుకుంటారు. మన ఇల్లు అలా ఉండదు. మన ఇంట్లో నలభై ఏళ్ల సామాను ఉంటుంది. అందులోనూ పిల్లవాడికి నచ్చేది ఏది? మీటలుండేది, దీపం వెలిగేది, అరిచేది. అంటే పాటల పెట్టే.

మన చిన్నతనం ఒకసారి గుర్తు చేసుకోండి. విజయవాడ రేడియో స్టేషను 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఊళ్లో నాకు ఊహ తెలిసేనాటికి రేడియో ఉన్నది పంచాయతీ ఆఫీసులోను, మోతుబరి ఒకరింట్లోను. ఆ మోతుబరి ఇంట్లో గోడకు చెక్క బల్ల కొట్టి, దాని మీద రేడియో పెట్టి, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పేవారు. మాకు అందేది కాదు. లోపల చిన్న చిన్న మనుషులు కూర్చుని మాట్లాడుతున్నారని మాకు చెప్పేవారు. మేమూ నమ్మేవాళ్లం. ఎవరూ చూడనప్పుడు ఎవరో ఒకడు బల్ల ఎక్కి వెనక నుంచి తొంగి చూసేవాడు. కన్నాల అట్ట వెనక ఎర్రగా వెలిగే వాల్వులు చూసి, అవే వాళ్ల ఇళ్లలోని దీపాలని తేల్చేవాడు.

ఆ బల్ల అంత ఎత్తున ఎందుకు కొట్టారు? రేడియోను కాపాడుకోవడానికి. అప్పట్లో దాని ఖరీదు అలాంటిది. పైగా పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టాలి. పిల్లవాడికి మేలు చేద్దామన్న ఆలోచన అందులో ఎంత ఉందో నాకు అనుమానమే. కాని మేలు మాత్రం జరిగింది. ఆ వాల్వుల సెట్లలో రెండు వందల వోల్టులకు పైగా కరెంటు ఉండేది. కొన్నిటికి లోపలి ఇనప చట్రమే మెయిన్సుకు తగిలి ఉండేది. ఆ అట్ట ఊడదీసి చెయ్యి పెట్టినవాడు బతికి బట్ట కట్టడం కష్టం.

ఇప్పుడు లెక్క తిరగబడింది. సెట్టు చవక. అయిదు వందలకు, వెయ్యికి బజార్లో పాడే డబ్బా దొరుకుతుంది. పగిలితే పగిలింది అనుకుంటాం. అందుకే గోడ మీది బల్ల పోయింది. సామానంతా నేల మీదికి, టీవీ కింది అరలోకి, దివాను మీదికి దిగింది. వస్తువు విలువ తగ్గింది కదా అని కాపలా తీసేశాం. పిల్లవాడి విలువ తగ్గలేదు కదా!

అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ప్రమాదమైనది ముందు చెబుతాను. ఈ పాడే డబ్బాలతోబాటు ఏటీఎం కార్డంత పల్చటి రిమోటు ఒకటి ఇస్తారు. కారు స్టీరియోలకూ అలాంటిదే వస్తుంది. దాని కింది అంచున గోటితో లాగితే వచ్చే చిన్న సొరుగు. అందులో రూపాయి బిళ్ళంత బ్యాటరీ. దాని మీద సి.ఆర్. 2025 అని ఉంటుంది. 20 అంటే ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 25 అంటే రెండున్నర మిల్లీమీటర్ల మందం. మూడు వోల్టులు. చాలా రిమోట్లలో ఆ సొరుగుకు స్క్రూ ఉండదు. పిల్లవాడు రిమోటును నేలకేసి రెండుసార్లు కొడితే సొరుగు బయటికొస్తుంది, బిళ్ళ దొర్లుతుంది. దొర్లినది నోట్లోకి వెళుతుంది. ఏడాది పిల్లవాడు ప్రపంచాన్ని నోటితోనే చదువుతాడు, అది వాడి తప్పు కాదు.

రూపాయి బిళ్ళ మింగితే చాలాసార్లు దానంతట అదే పోతుంది. ఇది అలాంటిది కాదు. ఆ వెడల్పుకు పసివాడి గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అది పగలనక్కర్లేదు, కారనక్కర్లేదు. తడి తగలగానే దాని రెండు వైపుల మధ్య కరెంటు పారి, ఆ చోట కాస్టిక్ సోడా లాంటి క్షారం పుడుతుంది. రెండు గంటల్లో అన్నవాహిక కాలిపోవచ్చు. రిమోటు పని చెయ్యడం లేదని మనం తీసి కిటికీలో పడేసిన పాత బిళ్ళలో కూడా ఇందుకు సరిపడా కరెంటు మిగిలే ఉంటుంది. దయచేసి ఈ ఒక్క మాట మరచిపోకండి. అయిపోయిన బ్యాటరీ అనేది రిమోటుకు మాత్రమే అయిపోయింది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో రీస్ అనే ఏడాదిన్నర పాప రిమోటులోని ఇలాంటి బిళ్ళ మింగింది. మొదట డాక్టర్లు జలుబు, దగ్గు తరహా జబ్బు అనుకున్నారు. తర్వాత అసలు సంగతి తెలిసింది. ఎన్నో ఆపరేషన్లు చేసినా 2020 డిసెంబరులో ఆ పాప దక్కలేదు. తల్లి పట్టుబట్టి తిరగగా 2022లో ఆ దేశంలో పాప పేరు మీదే చట్టం వచ్చింది. బ్యాటరీ గది పిల్లలు తెరవలేని విధంగా ఉండాలని, హెచ్చరిక ముద్రించాలని. అదే ఏడాది ఆస్ట్రేలియాలోనూ అలాంటి నిబంధనలు అమలయ్యాయి. మన సంతలో అమ్మే డబ్బాకు అవన్నీ ఎవరు చూస్తారు? మనమే చూసుకోవాలి.

పర్చూరు దగ్గర మా బంధువుల ఇంట్లో జరిగింది చెబుతాను. మిరపకాయల కాలం. వసారాలో కాయలు పోసి, ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నారు. పధ్నాలుగు నెలల పిల్లవాడు చేతిలో రిమోటుతో తిరుగుతున్నాడు. సాయంత్రం చూస్తే రిమోటు ఉంది, సొరుగు ఉంది, బిళ్ళ లేదు. పిల్లవాడు మామూలుగానే ఆడుతున్నాడు. ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. "ఏం కాలేదు, ఎక్కడో పడి ఉంటుంది, వెతుకుదాం" అని పెద్దాయన. "వెతకడం తర్వాత, ముందు ఎక్స్‌రే" అని కోడలు. ఆ అమ్మాయి మామగారి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం "మామయ్యగారూ, మీరు వెతుకుతూ ఉండండి, నేను వెళ్తాను" అని ఆటో ఎక్కింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మర్నాడు మిరపకాయలు గోతాలకెత్తుతుంటే అడుగున బిళ్ళ దొరికింది. ఎక్స్‌రే డబ్బులు దండగయ్యాయని అన్నవాళ్లు ఉన్నారు. నేనైతే ఆ అమ్మాయికి నిండు సభలో శాలువా కప్పమంటాను.

బిళ్ళ మింగాడని అనుమానం వస్తే చెయ్యవలసినవి కాగితం మీద రాసుకొచ్చాను, నిదానంగా చదువుతాను. వెంటనే 108కి ఫోను, లేదా దొరికిన బండి మీద ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి. ఆర్.ఎం.పి. దగ్గర ఆగకండి. వాంతి చేయించకూడదు. అన్నం, పాలు పెట్టకూడదు. పిల్లవాడికి ఏడాది నిండి, మింగగలిగే స్థితిలో ఉండి, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్లకు మించకుండా పట్టవచ్చునని అమెరికా విషచికిత్స నిపుణుల సూచన. తేనె ఆ కాలడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, అంతే. అది వైద్యం కాదు, దానికోసం ప్రయాణం ఆపకూడదు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు వద్దు. డాక్టరుగారికి "బ్యాటరీ" అన్న మాట స్పష్టంగా చెప్పండి. ఎక్స్‌రేలో అది నాణెంలాగే కనిపిస్తుంది. కాకపోతే అంచు రెండు వలయాలుగా ఉంటుంది. ఆ రిమోటు కూడా పట్టుకెళ్తే నంబరు తెలుస్తుంది. ఎవరూ చూడకుండా మింగిన పిల్లవాడు చొంగ కారుస్తాడు, అన్నం ముద్ద వద్దంటాడు, దగ్గుతాడు. మనం దిష్టి తీస్తాం. దిష్టి తీయండి, తప్పులేదు. ఆటోలో కూర్చుని తీయండి.

ఇక మన సొంత సామాను. ఈ హాల్లో ఎంతమంది చెవిలో మిషన్లున్నాయో నాకు కనబడుతూనే ఉంది. నాకూ ఉంది. అదీ ఇంట్లో శబ్దయంత్రమే కదా. దాని బ్యాటరీ కందిగింజంత. వారం, పది రోజులకోసారి మారుస్తాం. పాతది తీసి ఎక్కడ పెడతాం? మంచం పక్క స్టూలు మీద, కళ్లజోడు పక్కన, మాత్రల పక్కన. అది లిథియం బిళ్ళంత ఉధృతమైనది కాదు గాని, పిల్లవాడు దాన్ని ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటే లోపల కండ కాలిపోతుంది. ముక్కులో ఏదో ఉందనిపిస్తే నూనె చుక్కలు, మందు చుక్కలు వెయ్యకండి, తడి తగిలితే ఇంకా చెడ్డది. ఈ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి వెళ్లడమే. మిషను తీసినప్పుడు మూత బిగించే డబ్బాలో పెట్టండి, డబ్బా బీరువాలో పెట్టండి. కొన్ని మిషన్లకు బ్యాటరీ గదికి తాళం లాంటి ఏర్పాటు ఉంటుంది. కొనేటప్పుడు అడిగితే చెబుతారు, అడగకపోతే చెప్పరు.

కరెంటు సంగతి క్లుప్తంగా. మన పాత ఇళ్లలో స్విచ్చి బోర్డులు మనిషి భుజమెత్తున ఉండేవి, అది మంచిదే. టీవీ కోసం మోకాలెత్తున కొత్తగా పెట్టించిన సాకెట్లతోనే బాధ. మూత ఉండే సాకెట్లు, అంటే కన్నాలకు లోపల షట్టరు ఉండేవి, ఎలక్ట్రీషియన్‌ను అడిగి వేయించండి. నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఎలిమినేటరు గాని, ఛార్జరు గాని ప్లగ్గులో వదిలేసి, రెండో కొస వేలాడనివ్వకండి, ఆ కొస పిల్లవాడి నోట్లోకే వెళుతుంది. ముఖ్యంగా, మీటరు బోర్డు దగ్గర ముప్పై మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టించి, నెలకోసారి దాని టెస్టు బటను నొక్కి చూడండి. పెన్షను పడిన రోజున నొక్కితే మరచిపోరు.

1990ల్లో మన పిల్లలు ముచ్చటపడి కొన్న నిలువెత్తు స్పీకర్లు కొందరిళ్లలో ఇంకా ఉన్నాయి. పాట ఆగిపోయి పదేళ్లయినా వాటి మీద పూలకుండీ పెట్టి ఉంచుకుంటాం. నిలబడడం నేర్చుకునే పిల్లవాడు దాన్నే పట్టుకుని లేస్తాడు. అడుగు సన్నం, పైన బరువు, వాడి మీదికే వస్తుంది. గోడకు ఇనప యాంగిలు వేసి బిగించండి, లేదా పడుకోబెట్టండి, లేదా ఇచ్చెయ్యండి. పైన కప్పే కుట్టుపని గుడ్డలున్నాయే, అవి అందానికి అందమే గాని, అంచు కిందికి వేలాడితే పిల్లవాడు గుడ్డ లాగుతాడు, గుడ్డతో సెట్టూ వస్తుంది. పైగా ఆంప్లిఫయరు మీద గాలి ఆడకుండా కప్పితే మన ఎండలకు అది కాగిపోతుంది. అత్తయ్యగారు, పెద్దమ్మగారు కుట్టినవి ఉంటే ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోండి.

వూఫరు పెట్టెకు పక్కన గాలి కోసం గుండ్రటి కన్నం ఒకటి ఉంటుంది. పిల్లవాడికి అది ఖజానా. మా ఇంట్లో వూఫరు గరగరమంటోందని మెకానిక్కును పిలిచి విప్పిస్తే లోపల నుంచి వచ్చిన జాబితా: పత్తి గింజలు నాలుగు, మిరప తొడిమలు, సగం కొరికిన బిస్కట్టు, పూజ గదిలోంచి మాయమైన వత్తుల కట్ట, మా ఆవిడ రక్తపోటు మాత్రలు రెండు. మాత్రలు చూసి మా ఇద్దరికీ నోట మాట రాలేదు. పెట్టెకు తినిపించాడు కాబట్టి సరిపోయింది. ఆ కన్నానికి దోమతెర గుడ్డ బిగించి రబ్బరు బ్యాండు వేశాం. పాటలో తేడా నాకేమీ తెలియలేదు. మా అబ్బాయికి తెలుస్తుందట. మాత్రల డబ్బా మాత్రం ఆ రోజే అటక ఎక్కింది.

శబ్దం గురించి ఒక మాట. పిల్లవాడికి గుండ్రటి మీట కనబడితే చివరిదాకా తిప్పడమే. చెవి స్పీకరుకు ఆనించే తిప్పుతాడు. ఇంత చిన్న డబ్బాయే కదా అనుకోకూడదు. దూరం సగమైతే శబ్దం సుమారు ఆరు డెసిబెల్సు పెరుగుతుంది. పెద్దలకు వారానికి నలభై గంటలు ఎనభై డెసిబెల్సు దాకా ఫరవాలేదని, పిల్లలకు డెబ్బై అయిదు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనకు సరిగ్గా వినబడదు కాబట్టి మనమే పెంచి పెడతాం, పక్కన పసివాడు ఉంటాడు. ఆపేటప్పుడు ముందు సౌండు తగ్గించి, తర్వాత స్విచ్చి ఆపండి. మళ్లీ వేసినప్పుడు ఒక్కసారిగా అరవదు.

ఇంతసేపూ పిల్లవాణ్ణి కాపాడే సంగతి చెప్పాను. పెట్టెను కాపాడవలసిన సందర్భం కూడా ఒకటి ఉంది. 1987లో మా తమ్ముడు మా అమ్మ గొంతు ఒక క్యాసెట్టు మీద పట్టాడు. పాట కాదు; పత్తి ఏరడానికి వచ్చిన కూలీలతో ఆవిడ మాట్లాడిన మాటలు, మధ్యలో కోడిని అదిలించడం, మా నాన్నగారిని భోజనానికి పిలవడం. అరగంట. ఆవిడ పోయి చాలాకాలమైంది. మొన్న సంక్రాంతికి మా రెండేళ్ల మనవరాలు ఆ టేపు రికార్డరు ముందు కూర్చుని ఎర్ర మీటను రెండు బొటనవేళ్లతో నొక్కుతోంది. ఎర్ర మీట అంటే రికార్డింగు. అది దిగలేదు. మా తమ్ముడు ఆనాడే క్యాసెట్టు వెనక ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేశాడు. అవి విరిగితే ఆ మీట కిందికి దిగదు, పాతదాని మీద కొత్తది ఎక్కదు. మీ ఇళ్లలో అలాంటి క్యాసెట్లుంటే ఇవాళే చూడండి, పలకలుంటే విరిచెయ్యండి. మళ్లీ కావలిస్తే ఆ గుంట మీద ప్లాస్టరు అంటిస్తే సరిపోతుంది. మీట దిగలేదని మా మనవరాలు క్యాసెట్టు తీసి టేపు వాకిట్లోకి లాగింది, అది వేరే కథ. పెన్సిలు పెట్టి చుట్టాం. ఒకచోట ముడత పడింది. కోడిని అదిలించే చోట ఆవిడ గొంతు వణికినట్టు వినిపిస్తుంది. ఆ వారమే మా అబ్బాయి కంప్యూటరులోకి ఎక్కించి, పెన్‌డ్రైవులో ఒకటి, తన దగ్గర ఒకటి, మా తమ్ముడి దగ్గర ఒకటి ఉంచాడు.

మరి పిల్లవాణ్ణి రోజంతా "వద్దు, ముట్టుకోకు" అంటూ ఉండడమేనా? నాకది ఇష్టం లేదు. రోజుకు యాభైసార్లు చెప్పిన "వద్దు" ఆఫీసులో అయిదో రిమైండరు లాంటిది, ఎవరూ చదవరు. ఆ మాటను నిప్పుకూ కరెంటుకూ దాచుకోవాలి. అందులో బూచాడున్నాడని చెప్పడం కూడా నాకు సమ్మతం కాదు. మా ఆవిడకు ఈ విషయంలో నాతో అభిప్రాయభేదం ఉంది. ఆవిడ ఇక్కడే ఉన్నారు, ఇంటికెళ్లాక మాట్లాడుకుంటాం.

నేను చేసింది ఇది. అటక మీదున్న పాత ట్రాన్సిస్టరు దించి బ్యాటరీలు తీసేశాను. ఏరియలు కంటికి పొడుచుకుంటుందని స్క్రూ విప్పి తీసేశాను. పాత ఫొటో ఫిల్ము వచ్చే చిన్న డబ్బా ఉంటుందే, అందులో పట్టేంత వస్తువేదైనా పసివాడి గొంతుకు అడ్డం పడగలదని గుర్తు. ఆ లెక్కన ఊడే మీటలన్నీ పీకేసి, ఊడని పెద్ద మీట ఒక్కటి ఉంచాను. ఇప్పుడు అది మా మనవరాలి సొంత రేడియో. పొద్దున నేను ఆకాశవాణి వార్తలు పెట్టుకుంటే తను పక్కన కూర్చుని తన రేడియో మీట తిప్పుతుంది, మధ్యమధ్య తనే వార్తలు చదువుతుంది. ఆ వార్తల్లో ఎక్కువగా కుక్కపిల్ల గురించే ఉంటుంది.

ఇంటికి వెళ్లాక ఒక పని చెయ్యండి. నడుము సహకరించేవాళ్లు హాల్లో నేల మీద కూర్చుని, పిల్లవాడి కంటి ఎత్తు నుంచి చుట్టూ చూడండి. దివాను కింద, టీవీ వెనక, సోఫా సందుల్లో. సహకరించనివాళ్లు కుర్చీలో కూర్చుని కొడుకును కూర్చోబెట్టండి.

టీలు వస్తున్నాయి కాబట్టి ముగిస్తాను. గుమ్మం పక్క బల్ల మీద మూత బిగించిన గాజు సీసా ఒకటి, సెలోటేపు చుట్ట ఒకటి పెట్టాను. మీ జేబుల్లో, సంచుల్లో, కళ్లజోడు డబ్బాల్లో అయిపోయిన చెవి మిషను బ్యాటరీలు, రిమోటు బిళ్ళలు ఉంటే రెండు వైపులా టేపు అంటించి అందులో వెయ్యండి. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవారికి నేనే పట్టుకెళ్లి ఇస్తాను. నా వంతు మూడు ఇప్పటికే వేశాను. సెలవు.